ఆరుబయట హెవీ మెటల్: తీగ నుంచి చెవి దాకా

హెవీ రాక్ బ్యాండు ఆరుబయట వాయిస్తున్నప్పుడు శబ్దానికి గోడల సాయం ఉండదు. హాల్లో అయితే వేదిక మీద పుట్టిన ధ్వని గోడలకూ పైకప్పుకూ తగిలి తిరిగి వస్తుంది. శ్రోత చెవికి చేరేదాంట్లో పెద్ద భాగం అలా తిరిగొచ్చిన ధ్వనే. మైదానంలో ఒకసారి దాటిపోయిన ధ్వని మళ్లీ రాదు. వేదికకు రెండు వందల మీటర్ల దూరాన నిలబడ్డ మనిషి ఛాతీ మీద డ్రమ్ము దెబ్బ పడాలంటే ఆ శక్తినంతా యంత్రాలే పుట్టించాలి, మధ్యనున్న గాలి దాన్ని మోసుకెళ్లాలి, ముందున్న వేలాది శరీరాల మీదుగా అది దాటి రావాలి. అభిమాని ఏళ్ల తరబడి ఎదురుచూసి తనకిష్టమైన బ్యాండును వినే ఆ రెండు గంటల్లో భౌతికశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, జనసమూహాల కదలిక గురించిన శాస్త్రం మూడూ ఒకేసారి పనిచేస్తుంటాయి.

ఈ విషయాన్ని పరిశీలించడానికి 1988 ఆగస్టు 20 చాలా తగిన రోజు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో డానింగ్టన్ పార్క్ అనే మోటారు పందేల మైదానం ఉంది. 1980 నుంచి అక్కడ ‘మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్’ పేరిట ఒక్కరోజు ఉత్సవం జరుగుతూ వచ్చింది. 1988లో హెలోవీన్, గన్స్ ఎన్ రోజెస్, మెగాడెత్, డేవిడ్ లీ రాత్, కిస్ వాయించాక, చివరి వంతు ఐరన్ మెయిడెన్‌ది. వచ్చిన జనం 1,07,000. ఆ రోజు కట్టిన స్పీకర్ల వ్యవస్థ ప్రపంచంలోనే అతి పెద్దదిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది: 360 టర్బోసౌండ్ పెట్టెలు, 523 కిలోవాట్ల సామర్థ్యం. సౌండ్ ఇంజనీరు ఉండే మిక్సింగ్ టవర్ దగ్గర ధ్వని స్థాయి 118 డెసిబెళ్లు నమోదైంది. ఐరన్ మెయిడెన్ వాయిస్తున్నప్పుడు అది 124 దాకా ఎగబాకింది. అదే మైదానంలో అదే రోజు మధ్యాహ్నం తొక్కిడిలో ఇద్దరు యువకులు చనిపోయారు. ఆరుబయటి హెవీ రాక్‌లోని వైభవమూ ప్రమాదమూ రెండూ ఆ ఒక్కరోజులోనే కనిపిస్తాయి.

తీగ మీద పుట్టేది

ఎలక్ట్రిక్ గిటార్ తీగలు ఉక్కువి. వాటి కింద అయస్కాంతం, దాని చుట్టూ కొన్ని వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ ఉంటాయి. దీన్ని పికప్ అంటారు. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో అతి కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఫారడే కనిపెట్టిన ప్రేరణ సూత్రమే ఇది. ఆ బలహీనమైన సంకేతాన్ని యాంప్లిఫయర్ పెంచుతుంది. యాంప్లిఫయర్‌కు ఒక హద్దు ఉంటుంది. హద్దు దాటేంత సంకేతాన్ని దానికి అందిస్తే తరంగం శిఖరాలు తెగిపోయి చదునవుతాయి. రేడియో తయారుచేసేవాళ్లు ఒకప్పుడు దీన్ని దోషంగా చూసి తొలగించడానికి శ్రమపడ్డారు. రాక్ వాద్యకారులు దాన్నే తమ స్వరంగా చేసుకున్నారు. గిటారిస్టుల మాటల్లో దాని పేరు డిస్టార్షన్.

తరంగం చదునైతే రెండు మార్పులు జరుగుతాయి. మొదటిది, మూల స్వరానికి రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్ల పౌనఃపున్యాలు గల అనుస్వరాలు దట్టంగా పుట్టుకొస్తాయి. గిటార్ శబ్దంలోని గరుకుదనం, మెరుపు వీటి వల్లే. రెండోది, తీగను మీటిన క్షణంలోని పెద్ద శబ్దానికీ తరవాత సన్నగిల్లే శబ్దానికీ మధ్య తేడా చెరిగిపోతుంది. మామూలు గిటార్‌లో మీటిన వెంటనే అణగిపోయే స్వరం ఇక్కడ వయొలిన్ కమాను లాగినట్టు సాగుతూనే ఉంటుంది.

హెవీ మెటల్ వాద్యకారులు ఎక్కువగా వాడే స్వరజంటను పవర్ కార్డ్ అంటారు. కర్ణాటక సంగీతం భాషలో అది షడ్జమ పంచమాల జంట. గాంధారానికి అందులో చోటు లేదు. ఎందుకు లేదో లెక్క వేస్తే తెలుస్తుంది. గిటార్‌లో అతి మందమైన తీగ పౌనఃపున్యం సుమారు 82 హెర్ట్జ్. దాని పంచమం సుమారు 123. ఈ రెంటి నిష్పత్తి దాదాపు 2:3. హద్దు మీరిన యాంప్లిఫయర్‌లోకి రెండు స్వరాలు కలిసి వెళ్తే వాటి మొత్తాలూ తేడాలూ కూడా కొత్త స్వరాలుగా బయటికొస్తాయి. 123లో నుంచి 82 తీసేస్తే 41 హెర్ట్జ్. అది సరిగ్గా షడ్జమానికి ఒక స్థాయి కింద ఉండే షడ్జమం, బేస్ గిటార్‌లోని అతి మందమైన తీగ పలికే స్వరం. అంటే గిటారిస్టు వాయించని ఒక మంద్రస్వరాన్ని యాంప్లిఫయరే సృష్టిస్తుంది. మిగతా మిశ్రమ స్వరాలన్నీ ఈ 41కి గుణిజాలే కనుక అన్నీ శ్రుతిలోనే పడతాయి. ఈ జంటకు గాంధారాన్ని చేర్చితే పుట్టే స్వరాలు రెట్టింపు దట్టమవుతాయి. పైగా గిటార్ మెట్ల మీది గాంధారం శుద్ధమైన 4:5 నిష్పత్తి కన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది. దాంతో దగ్గర దగ్గర స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుని శబ్దం బురదలా తయారవుతుంది. హెవీ మెటల్ సా-పా జంట మీద నిలబడటానికి ఈ భౌతిక కారణం ఉంది.

అలాగైతే ఐరన్ మెయిడెన్ పాటల్లో ఇద్దరు గిటారిస్టులు గాంధారం దూరంలో జోడీగా అంత తేటగా ఎలా వాయించగలుగుతున్నారు? డేవ్ ముర్రే, ఏడ్రియన్ స్మిత్‌ల జంట గిటార్లు ఆ బ్యాండు గుర్తింపులో సగం. రహస్యం యాంప్లిఫయర్లలో ఉంది. ఒక్కో గిటార్‌కు విడి యాంప్లిఫయర్ ఉంటుంది, ఒక్కో యాంప్లిఫయర్‌లోకి ఒక్క స్వరమే వెళ్తుంది. అక్కడ దానికి దాని అనుస్వరాలు మాత్రమే పుడతాయి. రెండు స్వరాలూ కలిసేది గాలిలో. గాలి ఈ స్థాయిలో తరంగాలను తెగ్గొట్టదు, ఊరికే కలుపుతుంది. కనుక తేడా స్వరాల రొద ఉండదు. ఒక గిటార్ మీద వాయిస్తే చెడిపోయే సంగతి రెండు గిటార్ల మీద తేటతెల్లమవుతుంది. రెండు గిటార్లుండటం హంగు కోసమే అనుకునేవారు ఈ తేడాను గమనించాలి.

తీగల శ్రుతి దించడం కూడా ఈ సంగీతంలో ఒక ముఖ్యమైన మలుపు. బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేస్తున్న టోనీ అయోమీ 17వ ఏట ఒక ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతను ఎడమచేతి వాటం గిటారిస్టు. తీగలను నొక్కవలసిన వేళ్లే పోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్నని తీగలు బిగించుకుని మళ్లీ వాయించాడు. అతని బ్యాండు బ్లాక్ సబ్బాత్ 1971లో తెచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో గిటార్‌ను మూడు అర్ధస్వరాలు కిందికి దించాడు. తీగలోని బిగువు పౌనఃపున్యం వర్గానికి అనులోమంగా ఉంటుంది. మూడు అర్ధస్వరాలు దించితే బిగువు దాదాపు 30 శాతం తగ్గుతుంది. గాయపడ్డ వేళ్లకు ఆ మేరకు ఊరట, చెవికి మరింత బరువైన ధ్వని. ఆ తరవాత వచ్చిన ఎన్నో మెటల్ బ్యాండ్లు ఆ బరువు కోసమే శ్రుతి దించాయి.

పెట్టెల గోడ

డ్రమ్ములకూ గాయకుడికీ గిటార్ యాంప్లిఫయర్లకూ ఎదురుగా పెట్టిన మైకులు అందుకున్న సంకేతాలన్నీ మిక్సర్‌కు చేరతాయి. అక్కడినుంచి పవర్ యాంప్లిఫయర్లకూ, వాటినుంచి వేదికకు రెండు పక్కలా ఉన్న స్పీకర్లకూ వెళ్తాయి. మామూలు స్పీకర్ తనకందిన విద్యుత్తులో ఒకటి రెండు శాతాన్నే ధ్వనిగా మారుస్తుంది, మిగతాదంతా వేడి. స్పీకర్ ముందు బూరలాంటి హార్న్ అమరిస్తే ఈ సామర్థ్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. డానింగ్టన్‌లో కట్టినవి హార్న్ పెట్టెలే. అయినా లక్ష మందికి వినిపించడానికి అర మెగావాటు కావలసి వచ్చింది.

ఒకే బిందువు నుంచి వెలువడే ధ్వని దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెళ్లు తగ్గుతుంది. 50 మీటర్ల దగ్గర 112 ఉంటే 100 మీటర్ల దగ్గర 106, 200 మీటర్ల దగ్గర 100. వెనకవాళ్లకు సరిపడా పెంచితే ముందువాళ్ల చెవులు పాడవుతాయి. పెట్టెలు గుట్టగా పేర్చితే మరో చిక్కు వస్తుంది. పక్కపక్కనున్న పెట్టెల నుంచి వచ్చే తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, మరోచోట ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. రెండడుగులు పక్కకు జరిగితే గిటార్ స్వభావమే మారిపోయేది ఇందువల్లనే.

ఈ చిక్కుకు మంచి పరిష్కారం 1992లో వచ్చింది. క్రిస్టియన్ హైల్ అనే ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త తన ఎల్-అకూస్టిక్స్ సంస్థ తరఫున వి-డోస్క్ అనే వ్యవస్థను తయారుచేశాడు. ఇందులో పెట్టెలను ఒకదాని కింద ఒకటి నిలువు వరసగా వేలాడదీస్తారు. ప్రతి పెట్టెలోనూ ఎక్కువ పౌనఃపున్యాల ధ్వని చదునైన తరంగంగా బయటికొచ్చే ఏర్పాటు ఉంటుంది. దాంతో పెట్టెలన్నీ కలిసి ఒకే పొడవాటి గీతలా పలుకుతాయి. గీత నుంచి వచ్చే ధ్వని, కొంత దూరం దాకా, దూరం రెట్టింపైనప్పుడు 3 డెసిబెళ్లే తగ్గుతుంది. నేటి ఉత్సవాల్లో వేదిక అంచుల నుంచి కొక్కెంలా వంగి వేలాడే పొడవాటి వరసలు ఇవే. కింది కొస వంపు దగ్గరివాళ్ల కోసం, పైనున్న నిటారు భాగం దూరంవాళ్ల కోసం.

మంద్రధ్వనుల తీరు వేరు. 4,000 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 8.6 సెంటీమీటర్లు, 40 హెర్ట్జ్‌ది 8.6 మీటర్లు. తన తరంగదైర్ఘ్యం కన్నా చిన్న పెట్టె నుంచి వచ్చే ధ్వనిని ఒక దిక్కుకు మళ్లించడం సాధ్యపడదు. మంద్రధ్వనులు పలికే సబ్‌వూఫర్ పెట్టె ధ్వని ముందుకు ఎంత వెళ్తుందో వెనక్కి, వేదిక మీదికీ అంతే వెళ్తుంది. అందుకే ఇప్పుడు కొన్ని సబ్‌వూఫర్లను వెనక్కి తిప్పి, వాటి సంకేతాన్ని తలకిందులు చేసి, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి పంపుతారు. వెనక వైపు రెండు తరంగాలూ రద్దవుతాయి, ముందు వైపు కలుస్తాయి. వేదికకు రెండు పక్కలా సబ్‌వూఫర్లు ఉంటే మైదానం నడిమధ్య గీత మీద రెండు వైపుల బేస్ ఒకే క్షణంలో చేరి అక్కడ మాత్రం భారీగా వినిపిస్తుంది. దానికి కాస్త ఎడంగా బేస్ పలచబడ్డ పట్టీలు ఉంటాయి. మంచి ధ్వని కోరుకునే అభిమానికి మిక్సర్ టవర్ పరిసరాలే ఉత్తమమైన చోటు, ఎందుకంటే సౌండ్ ఇంజనీరు తన చెవికి చేరినదాన్ని బట్టే మొత్తాన్నీ సర్దుతాడు.

దూరమంటే ఆలస్యం

20 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు వెళ్తుంది. వేదికకు 150 మీటర్ల దూరంలో ఉన్న శ్రోతకు డ్రమ్ము మీద కర్ర పడటం కనిపించిన 0.44 సెకన్ల తరవాత శబ్దం వినిపిస్తుంది. నిమిషానికి 137 దెబ్బల వేగంతో సాగే పాటలో ఇది సరిగ్గా ఒక దెబ్బ నిడివి. వెనకవాళ్లు తాము విన్నదానికి అనుగుణంగా చప్పట్లు కొడితే, ముందువాళ్ల చప్పట్లతో పోలిస్తే ఒక దెబ్బ వెనకబడి ఉంటారు. ఆ చప్పట్లు వేదికకు తిరిగి చేరేసరికి ఇంకో దెబ్బ గడుస్తుంది. జనం కలిసి పాడుతున్నప్పుడు గాయకుడు వాళ్ల పాటను అనుసరిస్తే లయ క్రమంగా జారిపోతుంది. 1988లో ఐరన్ మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ లాంటివాళ్లకు వేదిక మీద పడుకోబెట్టిన మానిటర్ స్పీకర్లే ఆధారం. ఇప్పుడు చాలామంది చెవిలోనే చిన్న మానిటర్లు పెట్టుకుంటున్నారు.

పెద్ద మైదానాల్లో మధ్యమధ్య అదనపు స్పీకర్ల టవర్లు నిలబెడతారు. వీటికి సంకేతం తీగ ద్వారా దాదాపు తక్షణం చేరుతుంది. అలాగే వదిలేస్తే దగ్గరి టవర్ శబ్దం ముందూ వేదిక శబ్దం తరవాతా వచ్చి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. కనుక టవర్ సంకేతాన్ని కావాలని ఆలస్యం చేస్తారు. ఎంత ఆలస్యం చేయాలన్నది గాటింగెన్‌లో హెల్ముట్ హాస్ 1949లో సమర్పించిన పరిశోధన ఆధారంగా తేల్చుతారు. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వస్తే మెదడు ముందొచ్చిన దిక్కునే శబ్దం పుట్టినచోటుగా భావిస్తుందని ఆయన చూపాడు. రెండోది 10 డెసిబెళ్లు ఎక్కువున్నా ఆ భావన చెదరదు. టవర్‌ను లెక్కకు మించి మరో 10, 20 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే శ్రోతకు బలం టవర్ నుంచి అందుతుంది, పాట మాత్రం వేదిక మీదినుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. 1973లో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లో జరిగిన భారీ ఉత్సవంలో ఈ పనికి డిజిటల్ డిలే యంత్రాలను వాడారు.

ధ్వని వేగం ఉష్ణోగ్రత డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున మారుతుంది. మధ్యాహ్నం నుంచి రాత్రికి 10 డిగ్రీలు చల్లబడితే 100 మీటర్ల టవర్ దగ్గర లెక్క సుమారు 5 మిల్లీసెకన్లు తప్పుతుంది. అందుకే సాయంత్రం పడేకొద్దీ ఇంజనీర్లు ఈ ఆలస్యాలను మళ్లీ సర్దుతారు.

గాలి చేసే పని

మైదానంలో గాలి కూడా వాద్యబృందంలో భాగమే. అది అన్ని స్వరాలనూ సమానంగా మోయదు. 20 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గాలిలో 1,000 హెర్ట్జ్ ధ్వని 100 మీటర్లకు అర డెసిబెల్ మాత్రమే నష్టపోతుంది. 8,000 హెర్ట్జ్ ధ్వని దాదాపు 10 డెసిబెళ్లు నష్టపోతుంది. తాళాల మెరుపు, గాయకుడి ‘స’కారాలు దూరానికి చేరకముందే అరిగిపోతాయి, బేస్ మాత్రం మిగులుతుంది. పొడిగాలి ఈ పైస్థాయి ధ్వనులను తేమగాలి కన్నా ఎక్కువగా మింగుతుందన్న సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆక్సిజన్, నైట్రోజన్ అణువులు ధ్వని శక్తిని తమ లోపలి కంపనాల్లోకి తీసుకుని కాస్త ఆలస్యంగా తిరిగిస్తాయి. ఆ ఆలస్యంలో నష్టం జరుగుతుంది. నీటి ఆవిరి అణువులు ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంత వేగంగా జరగాలో మార్చేస్తాయి.

ఐరన్ మెయిడెన్ భారతదేశంలో మొదటిసారి 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. హైదరాబాద్ నుంచి కూడా అభిమానులు రాత్రి రైళ్లూ బస్సులూ ఎక్కి వెళ్లిన కచేరీ అది. బెంగళూరులో మార్చి గాలి ఏడాదిలోకెల్లా పొడిగా ఉండే గాలుల్లో ఒకటి. ఇంగ్లండ్ ఆగస్టు గాలి తేమది. ఒకే బ్యాండు, ఒకే పాట, సమానమైన పరికరాలు ఉన్నా ఈ రెండు మైదానాల్లో వెనక వరసలకు చేరే మెరుపు ఒకేలా ఉండే అవకాశం లేదు. ఇంజనీరు ఆ లోటును పైస్థాయి ధ్వనులు పెంచి పూడ్చాలి.

ఈదురుగాలి మరో విధంగా పాటను చెదరగొడుతుంది. నేలకు దగ్గరలో గాలి నెమ్మదిగానూ పైన వేగంగానూ వీస్తుంది. గాలి వాలున వెళ్లే తరంగం పైభాగం త్వరగా కదిలి నేలవైపు వంగుతుంది, అటువైపు శబ్దం బాగా వినిపిస్తుంది. ఎదురుగాలిలో వెళ్లే తరంగం ఆకాశంవైపు వంగి, కింద ఒక ధ్వని నీడ ఏర్పడుతుంది. గాలి తెరలు తెరలుగా వీస్తే గిటార్ శబ్దం ఒక క్షణం దగ్గరై మరుక్షణం ఎటో కొట్టుకుపోయినట్టు వినిపించడానికి కారణం ఇదే. ఉష్ణోగ్రత ప్రభావం కూడా ఇలాంటిదే. ఎండలో నేల వేడెక్కి కింది గాలి వేడిగా, పై గాలి చల్లగా ఉంటే ధ్వని పైకి వంగి చెదిరిపోతుంది. రాత్రి నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లబడి వరస తారుమారవుతుంది. అప్పుడు పైకెళ్లిన ధ్వని కూడా కిందికి వంగి, కిలోమీటర్ల దూరంలోని ఊళ్లలో కిటికీలు అదిరేలా వినిపిస్తుంది. ముఖ్య బ్యాండు వాయించేది రాత్రే, పొరుగువాళ్లు నిద్రపోయేదీ అప్పుడే. భారతదేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. ఇక్కడి ఆరుబయటి రాక్ కచేరీలు పదిలోపే ముగియడం అందువల్లనే.

జనం అనే ద్రవం

వేదికకు ఎదురుగా, కంచె వెనక ఉన్న జనం కదలిక యాదృచ్ఛికంగా కనిపించినా దానికీ నియమాలున్నాయి. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెస్సీ సిల్వర్‌బర్గ్, మాథ్యూ బీర్‌బౌమ్, జేమ్స్ సెత్నా, ఇటాయ్ కోహెన్ మెటల్ కచేరీల వీడియోలను విశ్లేషించి 2013లో ‘ఫిజికల్ రివ్యూ లెటర్స్’లో ఒక పరిశోధన ప్రచురించారు. అభిమానులు ఒకరినొకరు ఢీకొంటూ ఎగిరే గుంపును మాష్ పిట్ అంటారు. అందులో ఎవరు ఎంత వేగంతో కదులుతున్నారో లెక్కగడితే, ఆ వేగాల పంపకం సమతలంలో బంధించిన వాయువు అణువుల వేగాల పంపకాన్ని పోలి ఉంది. పక్కవాళ్లను అనుసరించే ధోరణి బలపడితే అదే గుంపు గుండ్రంగా పరుగెత్తే సుడిగా మారుతుంది. దాన్ని సర్కిల్ పిట్ అంటారు. కంప్యూటర్ నమూనాలో కొద్దిపాటి నియమాలతోనే వాళ్లు ఈ రెండు స్థితులనూ రప్పించగలిగారు. మనుషుల ఇష్టాయిష్టాలను తక్కువ చేసి చూసే ఉద్దేశం ఆ పరిశోధనలో లేదు. భయంతో పరుగెత్తే జనాన్ని ప్రయోగంలో పెట్టి చూడటం కుదరదు, ఉల్లాసంగా ఢీకొనే ఈ జనం ఆ అధ్యయనానికి సురక్షితమైన మార్గం చూపారు.

మాష్ పిట్ చూడటానికి భయంకరంగా ఉన్నా అందులో మనుషుల మధ్య ఖాళీ ఉంటుంది. ఎవరైనా పడితే చుట్టూ ఉన్నవాళ్లు లేపి నిలబెట్టడం ఆ అభిమానుల్లో స్థిరపడిన మర్యాద. అసలు ప్రమాదం కదలడానికి వీల్లేనంత ఒత్తిడిలో ఉంది. జనసమూహాల భద్రత మీద పనిచేసిన ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ చెప్పినదాని ప్రకారం చదరపు మీటరుకు ఏడుగురు చేరేసరికి జనం దాదాపు ద్రవంలా ప్రవర్తిస్తారు. వెనకనుంచి వచ్చిన నెట్టుడు అలలా ముందుకు పాకి, మనుషులను నేల మీదినుంచి లేపి మీటర్ల దూరం మోసుకుపోతుంది. తొక్కిడి చావుల్లో ఎక్కువ భాగానికి కారణం పక్కటెముకలు విచ్చుకోలేక ఊపిరాడకపోవడం. కొందరు నిలబడే చనిపోతారు. 2025లో ‘నేచర్’ పత్రికలో డెనీ బార్తొలో బృందం మరో సంగతి చూపింది. స్పెయిన్‌లోని పాంప్లోనాలో సాన్ ఫెర్మిన్ పండుగనాడు చౌకులో కిక్కిరిసిన జనాన్ని పైనుంచి చిత్రీకరించి చూస్తే, సాంద్రత ఒక హద్దు దాటాక వందలాది మంది తమకు తెలియకుండానే కలిసి, సుమారు 18 సెకన్లకు ఒకసారి చొప్పున వలయాకారంగా ఊగుతున్నారు. ఎవరూ నెట్టనక్కరలేదు. ఈ ఊగుడు మొదలవడాన్ని కెమెరాతో పసిగడితే ముప్పు ముంచుకురాకముందే హెచ్చరించవచ్చు.

1988లో డానింగ్టన్‌లో అలాంటి కళ్లు లేవు. వానకు నేల బురదయింది. గన్స్ ఎన్ రోజెస్ వాయిస్తున్నప్పుడు జనం ముందుకు ఒరిగి కొందరు పడిపోయారు, వాళ్ల మీద మరికొందరు పడ్డారు. బ్యాండు మధ్యలో ఆపి జనాన్ని వెనక్కి జరగమంది. అప్పటికే ఆలస్యమైంది. 1989లో అక్కడ ఉత్సవం జరగలేదు. 1990లో తిరిగి జరిగినప్పుడు జనాన్ని 72,500కు పరిమితం చేశారు. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రాస్కిల్డేలో పర్ల్ జామ్ వాయిస్తుండగా తొమ్మిది మంది ఇలాగే చనిపోయారు. అక్కడా నేల తడిసే ఉంది. ఆ రెండు దుర్ఘటనల తరవాత పెద్ద ఉత్సవాల్లో వేదిక ముందు జనాన్ని అర్ధచంద్రాకారపు కంచెలతో విడివిడి భాగాలుగా చేయడం రివాజైంది. ఒక భాగంలోకి నిర్ణీత సంఖ్యకు మించి రానివ్వరు. వెనకున్న యాభై వేల మంది ఒత్తిడి ముందున్నవాళ్ల మీద పడకుండా మధ్య కంచె ఆపుతుంది. కంచెకూ వేదికకూ మధ్య సిబ్బంది నిలబడి అలసినవాళ్లను పైకి లాగుతారు, నీళ్లు అందిస్తారు. ఉక్కు, ప్లైవుడ్, లెక్కలు కలిసి ఎన్నో ప్రాణాలు కాపాడుతున్నాయి. టికెట్ కొన్న ప్రతి అభిమానికీ ఈ ఏర్పాటు దక్కితీరాలి.

శరీరం వినేది, చెవి భరించేది

ఇంత పెద్ద శబ్దంలో మనిషికి ఆనందం ఎక్కడినుంచి వస్తుంది? ఒక జవాబు లోపలి చెవిలోనే ఉండవచ్చు. శరీర సమతూకాన్ని పసిగట్టే అవయవాల్లో సాక్యూల్ అనే చిన్న సంచి ఒకటి. చేపల్లో అది వినికిడి అవయవం. 90 డెసిబెళ్లు దాటిన మంద్రధ్వనులకు మనుషుల్లోనూ అది స్పందిస్తుందని, ఊయలలో కలిగే హాయి లాంటిదాన్ని పెద్ద సంగీతం కలిగించడానికి ఇది కారణం కావచ్చని మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన నీల్ టాడ్, ఫ్రెడరిక్ కోడీ 2000లో ప్రతిపాదించారు. చర్మం, ఛాతీ గోడ కూడా బేస్‌ను నేరుగా అందుకుంటాయి. ఐరన్ మెయిడెన్ బేసిస్టు స్టీవ్ హారిస్ బేస్ గిటార్‌ను ముందు వరసలో ఉన్నవాళ్లు శరీరంతోనూ వింటారు.

అసలు వినికిడి జరిగే కర్ణావర్తంలో మాత్రం ఓర్పుకు హద్దుంది. ఒక్కో చెవిలో సుమారు 15,000 రోమకణాలుంటాయి, పోయినవి తిరిగి పుట్టవు. కచేరీ మర్నాడు చెవిలో హోరు, మాటలు దూదిలోంచి వస్తున్నట్టుండటం ఈ కణాలు అలసిన గుర్తులు. ఒకటి రెండు రోజుల్లో వినికిడి తిరిగొస్తే ఏ నష్టమూ జరగలేదనుకోవడం చాలాకాలం వైద్యుల్లోనూ ఉన్న అభిప్రాయం. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ ఎలుకల మీద చేసిన ప్రయోగం దాన్ని మార్చింది. పెద్ద శబ్దానికి గురైన ఎలుకల వినికిడి పరీక్షల్లో పూర్తిగా కోలుకున్నట్టే కనిపించినా, రోమకణాలకూ నరాలకూ మధ్యనున్న సంధులు కొన్నిచోట్ల సగం దాకా శాశ్వతంగా పోయాయి. ఇలాంటి నష్టం నిశ్శబ్దమైన గదిలో చేసే పరీక్షలో బయటపడదు, రద్దీలో మాట పోల్చుకోలేకపోవడంగా తరవాత కనిపించవచ్చు.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ కాలం సగమవుతుంది. 100 దగ్గర అది 15 నిమిషాలే. 118 దగ్గర పావు నిమిషం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీలకు సగటున 100 డెసిబెళ్ల హద్దు సూచించింది, ఇయర్‌ప్లగ్‌లు అందుబాటులో ఉంచాలనీ చెప్పింది. ఒకప్పుడు 1976లో ద హూ బ్యాండు లండన్‌లోని చార్ల్‌టన్ మైదానంలో 32 మీటర్ల దూరాన 126 డెసిబెళ్లు సాధించిందని నమోదు చేసుకున్న గిన్నిస్ పుస్తకం, చెవుల హాని దృష్ట్యా ‘అతి పెద్ద శబ్దం చేసే బ్యాండు’ విభాగాన్నే తీసేసింది. ఆ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్, మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ తమ చెవుల్లోని హోరు గురించి బహిరంగంగానే మాట్లాడారు.

మందుల దుకాణంలో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్‌లు బాగా రక్షిస్తాయి, కాని పైస్థాయి ధ్వనులను ఎక్కువగా ఆపి పాటను మసకబారుస్తాయి. సంగీతకారుల కోసం చేసినవి అన్ని పౌనఃపున్యాలనూ ఇంచుమించు సమానంగా 15, 20 డెసిబెళ్లు తగ్గిస్తాయి. వాటితో విన్నప్పుడు గిటార్ గరుకుదనం, తాళాల మెరుపు, గాయకుడి మాట అన్నీ తమ తమ స్థానాల్లో ఉంటాయి, మొత్తం స్థాయి మాత్రం దిగుతుంది. 103 డెసిబెళ్లున్న చోట అవి 18 తగ్గిస్తే చెవికి చేరేది 85, అంటే ఉత్సవమంతా నిలబడి వినగలిగే స్థాయి. స్పాంజి రకాన్ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవి పైభాగాన్ని వెనక్కి లాగి లోపలికి దోపి, ఉబ్బేదాకా పట్టుకుంటేనే అది పెట్టె మీద రాసినంత రక్షణ ఇస్తుంది. చిన్న పిల్లల చెవి నాళానికి ఇవి సరిపడవు కనుక వాళ్లకు చెవులను పూర్తిగా మూసే ఇయర్‌మఫ్‌లు వాడాలి. ఏవీ లేనప్పుడు పనికొచ్చేది దూరం: స్పీకర్ గుట్టకు 20 మీటర్ల దగ్గర నిలబడ్డ మనిషి 40 మీటర్లకు జరిగితే 6 డెసిబెళ్లు తగ్గి, హాని లేకుండా వినగల కాలం నాలుగు రెట్లవుతుంది.